కుందూ ఒడ్డు నుండి పులికాట్ దాకా – పడవలో ఒక రోజు



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు ఫోన్ చేసినప్పుడు ఏం రాయాలా అని రెండు రోజులు ఆలోచించాను. నేను ఆళ్ళగడ్డలో, ఆ తర్వాత నంద్యాలలో హాస్టల్లో ఉండి చదువుకున్నవాణ్ణి. ఇంటర్ అయ్యేదాకా సముద్రం చూడలేదు. మా గదిలో ఉన్న పన్నెండు మందిలో ఒక్కడూ చూడలేదు. భూగోళ పాఠంలో "తూర్పున బంగాళాఖాతము" అని బట్టీ పట్టి రాసి మార్కులు తెచ్చుకున్నాం, అంతే. గత చలికాలం మన హాస్టల్ పిల్లలను పులికాట్ సరస్సుకు విహారయాత్రకు తీసుకువెళ్తున్నాం, తోడుగా వస్తావా అని సారు అడిగితే వెంటనే బయలుదేరాను. ఆ ఒక్క రోజులో పిల్లలు అడిగిన ప్రశ్నలు, వాటికి నాకు తెలిసిన జవాబులు కలిపి ఈ వ్యాసం రాస్తున్నాను. రాలేకపోయిన వారికి ఇది ఉపయోగపడుతుంది. రేపు వెళ్ళబోయే వారికి ఇంకా ఎక్కువ ఉపయోగపడుతుంది.

మన నీళ్ళు ఎక్కడికి పోతాయి?

బస్సు ఆళ్ళగడ్డ దాటగానే ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, సముద్రమంటే ఎంత ఉంటాది? మన వెలుగోడు రిజర్వాయరంత ఉంటాదా?" అందరూ నవ్వారు. కానీ నవ్విన వాళ్ళలో కూడా ఎవరికీ జవాబు తెలియదు!

మిత్రులారా, మనకూ సముద్రానికీ సంబంధం లేదని అనుకోవద్దు. నంద్యాల పక్కనుంచి పారే కుందూ నది దక్షిణంగా వెళ్ళి వైఎస్సార్ కడప జిల్లాలో కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. పెన్న సోమశిల మీదుగా నెల్లూరు చేరి, ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. అంటే వానాకాలంలో మన ఊరి వంకలో మనం వదిలిన కాగితం పడవ మునగకుండా, చిరగకుండా, ఆనకట్టలు దాటుకుంటూ పోతే సముద్రానికే చేరాలి. మా బస్సు నెల్లూరు దగ్గర పెన్న వంతెన దాటేటప్పుడు తెల్లవారుతోంది. "ఈ నీళ్ళల్లో మన కుందూ నీళ్ళు కూడా ఉన్నాయిరా" అని చెబితే నిద్రపోతున్న వాళ్ళు కూడా లేచి కిటికీల దగ్గర చేరారు.

ఇంకొక విషయం కూడా చాలా మందికి తెలియదు. మన పొలాలకు నీరిచ్చే కర్నూలు–కడప కాలువను, అంటే కె.సి. కాలువను, 1860ల దశకంలో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వించింది. దానిని పంటలకు మాత్రమే తవ్వలేదు, పడవలు నడపడానికి కూడా తవ్వారు. సర్ ఆర్థర్ కాటన్ ఆలోచన ప్రకారం తుంగభద్ర మీది సుంకేసుల నుండి సముద్ర తీరం దాకా నీటి దారి ఉండాలి. ఆ ఆలోచన పూర్తి కాలేదు, కాలువ కడప దగ్గరే ఆగిపోయింది. కంపెనీ నష్టాల్లో పడి, 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనుక్కుంది. పడవలు ఎత్తు నుండి పల్లానికి దిగడానికి కాలువలో లాకులు కట్టారు. ఆ పని పూర్తయి ఉంటే మనం బస్సులో కాకుండా పడవలోనే తీరానికి పోయేవాళ్ళమేమో!

పులికాట్ అంటే సముద్రమా? చెరువా?

సూళ్ళూరుపేట దాటాక తడ వస్తుంది. అక్కడికి దగ్గరలో తమిళనాడు సరిహద్దున భీమునివారిపాలెం ఉంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మన నంద్యాల కర్నూలు నుండి విడిపోయి జిల్లా అయినట్టే, ఈ ప్రాంతం నెల్లూరు జిల్లా నుండి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అక్కడి రేవులోనే మేము పడవ ఎక్కాం.

పులికాట్ పూర్తిగా సముద్రమూ కాదు, పూర్తిగా చెరువూ కాదు. ఇది ఉప్పునీటి సరస్సు. మన దేశంలో ఇటువంటి సరస్సుల్లో ఒడిశాలోని చిలికా మొదటిది, పులికాట్ రెండవది. ఉత్తర దక్షిణాలుగా దాదాపు 60 కిలోమీటర్ల పొడవుంటుంది. ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో, దక్షిణపు కొస తమిళనాడులో ఉన్నాయి. సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య శ్రీహరికోట దీవి పొడవాటి గోడలాగా అడ్డం ఉంది. ఆ గోడకు అక్కడక్కడ ద్వారాలు ఉన్నాయి. వాటినే ముఖద్వారాలు అంటారు. ఆ ద్వారాల గుండా పోటు సమయంలో సముద్రం నీరు లోపలికి వస్తుంది, ఆటు సమయంలో బయటికి పోతుంది. మరోవైపు నుండి కాళంగి, ఆరణి వంటి ఏరులు మంచినీటిని తెస్తాయి.

అందుచేత ఈ సరస్సు రుచి ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. అక్టోబరు నుండి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పడినప్పుడు నీళ్ళు చప్పబడతాయి. ఎండాకాలంలో నీరు ఆవిరైపోయి ఉప్పు మిగులుతుంది కాబట్టి కొన్ని చోట్ల సముద్రం కంటే కూడా ఎక్కువ ఉప్పగా మారుతుంది. సముద్రపు నీటిలో కిలోకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పులో ఎక్కువ భాగం కోట్ల ఏళ్ళుగా నదులు రాళ్ళను, మట్టిని కడిగి తీసుకుపోయినదే. మన కుందూ కూడా అందులో తన వంతు వేసింది.

పడవ ఎందుకు తేలుతుంది? ఎందుకు బోల్తా పడుతుంది?

పడవ ఎక్కేముందు లైఫ్ జాకెట్లు ఇచ్చారు. కొందరు పెద్ద పిల్లలు "మాకు ఈత వచ్చు సార్, బాయిలో దూకుతాం" అన్నారు. పడవ నడిపే అన్న ఒక్కటే మాట చెప్పాడు: "ఈత వచ్చినోళ్ళే నాయనా ముందు పోయేది. రానోడు భయపడి జాకెట్టు వేసుకుంటాడు." ఆ మాటతో అందరూ నోరు మూసుకొని బెల్టులు బిగించుకున్నారు.

ఆర్కిమెడిస్ సూత్రం తొమ్మిదో తరగతిలో చదివారు కదా! పడవ తన బరువుకు సమానమైన బరువు గల నీటిని పక్కకు నెడుతుంది. ఆ నీరు పడవను పైకి తోస్తుంది. అందుకే తేలుతుంది. ఉప్పునీరు మంచినీటి కంటే కొంచెం బరువైనది కనుక అదే పడవ సముద్రంలో కొంచెం పైకి తేలుతుంది. పులికాట్ లోతు చాలా తక్కువ, సగటున ఒక మీటరు. అందుకే ఇక్కడి పడవల అడుగు బల్లపరుపుగా ఉంటుంది. ఇంజను ఆపేసి పొడవాటి గడను నేలకు ఆనించి తోస్తే పడవ కదులుతుంది.

మరి ఎందుకు బోల్తా పడుతుంది? దీనికి మన ఊరి ఉదాహరణ చెబుతాను. వడ్ల మూటలు వేసిన బండి గుంతలో పడినా తిరగబడదు. అదే వరిగడ్డి ఎత్తుగా వేసిన బండి చిన్న గుంతకే ఒక పక్కకు ఒరిగిపోతుంది. ఎందుకంటే దాని బరువు పైన ఉంటుంది. పడవలో అందరూ కూర్చుంటే బరువు కింద ఉంటుంది, పడవ స్థిరంగా ఉంటుంది. ఫోటో కోసం నలుగురు లేచి నిలబడితే బరువు పైకి పోతుంది. అందరూ ఒకే పక్కకు జరిగితే పడవ ఆ పక్కకు వాలి, అంచు మీదుగా నీరు లోపలికి వస్తుంది. ఆ తర్వాత ఎవరూ ఆపలేరు.

మా పడవలో కూడా దూరంగా పక్షుల గుంపు కనబడగానే ఒకడు లేచి నిలబడ్డాడు. వాణ్ణి చూసి ఇంకో ఇద్దరు లేచారు. పడవ ఒక్కసారి ఊగింది. "కూర్చోండ్రా!" అని పడవ అన్న అరిచిన అరుపు నాకు ఇంకా చెవిలో ఉంది. ఏమీ జరగలేదు. కానీ ఆ తర్వాత పావుగంట ఎవరూ మాట్లాడలేదు.

ఇది భయపెట్టడానికి రాయడం లేదు. 2011 డిసెంబరు 25న, క్రిస్మస్ రోజున, ఇదే సరస్సు తమిళనాడు భాగంలో విహారానికి వచ్చిన వారి పడవ బోల్తా పడి 22 మంది చనిపోయారు. 2017 నవంబరు 12న విజయవాడ దగ్గర కృష్ణానదిలో పడవ తిరగబడి ఇరవై మందికి పైగా మరణించారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగితే 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. వీళ్ళంతా మనలాగే ఒక రోజు సంతోషంగా గడపడానికి ఇంటి నుండి బయలుదేరినవాళ్ళే. కాబట్టి ఈ ఐదు సంగతులు నోటుబుక్కులో రాసుకోండి:

1. లైఫ్ జాకెట్టు వేసుకోవడమే కాదు, బెల్టులన్నీ బిగించాలి. దిగేదాకా తీయకూడదు.
2. పడవలో ఎంతమంది పడతారో ముందే అడగాలి. అంతకు మించి ఒక్కరు ఎక్కినా మనం దిగిపోవాలి. సిగ్గుపడకూడదు.
3. పడవ కదిలాక లేవకూడదు, పక్కకు వంగకూడదు, సీట్లు మారకూడదు.
4. గాలి పెరిగినా, మబ్బు పట్టినా వెనక్కి తిరగమని అడగాలి. డబ్బులు పోతే పోతాయి.
5. సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారం దగ్గరకు తీసుకుపొమ్మని పడవవాళ్ళను బలవంతం చేయకూడదు. అక్కడ పోటు, ఆటు ప్రవాహాలు చాలా జోరుగా ఉంటాయి.

రాజహంసల రంగు రహస్యం

మేము చూసిన పక్షుల గుంపు ఫ్లెమింగోలు. వీటిని మనవాళ్ళు రాజహంసలు అంటారు. చలికాలంలో ఇవి వేల సంఖ్యలో పులికాట్‌కు వస్తాయి. పుట్టినప్పుడు వీటి పిల్లలు బూడిద రంగులో ఉంటాయి. అవి తినే నాచులో, చిన్న రొయ్యల జాతి పురుగుల్లో ఒక రంగు పదార్థం ఉంటుంది. మన క్యారెట్‌కు రంగునిచ్చే పదార్థానికి అది చుట్టమే. అది తినగా తినగా ఈకలు గులాబీ రంగుకు మారతాయి. అవి తలను తలకిందులుగా నీటిలో పెట్టి, వంకర ముక్కుతో బురదనీటిని జల్లెడ పట్టి తింటాయి. నీరు మరీ లోతైతే వాటి కాళ్ళు అందవు, మరీ ఎండిపోతే తిండి దొరకదు. లోతు తక్కువగా ఉన్న పులికాట్ అందుకే వాటికి నచ్చింది.

దగ్గరలోనే దొరవారిసత్రం మండలంలో నేలపట్టు ఉంది. అక్కడ చెరువులోని కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు పెట్టుకుంటాయి. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీరు పొలాలకు ఎరువులాగా పనిచేస్తుందని ఆ ఊరి రైతుల నమ్మకం. అందుకే వాటిని ఎవరూ కొట్టరు, కొట్టనివ్వరు. చట్టం కంటే ముందే ఆ ఊరివాళ్ళు వాటికి కాపలా కాశారు.

ఇరకం దీవిలో

మధ్యాహ్నానికి ఇరకం దీవికి చేరాం. ఇది సరస్సు మధ్యలో ఉన్న ఊరు. ఒడ్డున వలలు ఆరేసి ఉన్నాయి. చింపులు పడిన వలలను పెద్దవాళ్ళు అల్లుతున్నారు. చేపలు, రొయ్యలు, ఎండ్రకాయలు పట్టడమే ఎక్కువ మంది పని. మాటల్లో తెలుగు, తమిళం కలిసిపోయి వినబడతాయి.

వల అల్లుతున్న ఒక తాతను మా పిల్లలు అడిగారు: "తాతా, సముద్రంలో చేపలు అయిపోవా?" ఆయన చెప్పిన జవాబులో మన సైన్సు పాఠమే ఉంది. రొయ్యలు గుడ్లు పెట్టేది సముద్రంలో. ఆ పిల్లలు పోటు నీటితో ముఖద్వారం గుండా సరస్సులోకి వస్తాయి. ఇక్కడ అలలు లేని నీటిలో తిని పెరిగి, మళ్ళీ సముద్రానికి పోతాయి. అంటే పులికాట్ రొయ్యపిల్లలకు హాస్టల్ లాంటిది! కానీ ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతున్నాయి. ద్వారం మూసుకుపోతే కొత్త నీరు రాదు, రొయ్యపిల్లలు రావు, ఎండాకాలంలో సరస్సు ఉత్తర భాగం ఎండిపోతుంది. అప్పుడు పక్షులకూ తిండి ఉండదు, మనుషులకూ ఉండదు. పూడిక తీయాలని మత్స్యకారులు ఏళ్ళ తరబడి అడుగుతున్నది ఇందుకే. మన దగ్గర కాలువ చివరి ఆయకట్టుకు నీళ్ళు రాకపోతే రైతు ఎంత బాధపడతాడో, ముఖద్వారం పూడిపోతే ఇక్కడి మత్స్యకారుడు అంత బాధపడతాడు.

సముద్రంలో అయితే తూర్పు తీరమంతా ప్రతి ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లతో వేట నిషేధం ఉంటుంది. అది చేపలు గుడ్లు పెట్టే కాలం. విత్తనం వడ్లు తినేస్తే మరుసటి ఏడు ఏం వేస్తాం? అదే లెక్క.

ఇరకంలో నన్ను కదిలించిన విషయం వేరే ఉంది. మాకు మంచినీళ్ళు తెచ్చిచ్చిన ఒక అమ్మాయి, మేం హాస్టల్ పిల్లలమని తెలిసి, "నేనూ హాస్టలే అన్నా" అంది. పై చదువుకు దీవి దాటి పోవాలి. రోజూ పడవలో పోయి రావడం కుదరక ఒడ్డున హాస్టల్లో ఉండి చదువుతోందట, పండక్కి ఇంటికి వచ్చిందట. రాత్రి వేళ ఎవరికైనా నొప్పులు వచ్చినా, పాము కరిచినా పడవే అంబులెన్సు అని ఆ అమ్మాయి అమ్మ చెప్పింది. గాలి ఎదురైతే ఆ పడవ కూడా ఆలస్యమవుతుంది. మనం హాస్టల్లో పప్పు పలచగా ఉందని, దుప్పటి పాతదని అలుగుతాం. అలగడం తప్పని నేను అనను, మంచి తిండి, మంచి పడక అడిగే హక్కు మనకు ఉంది. కానీ ఆ హాస్టలే లేకపోతే దీవిలోని ఆ చెల్లెలి చదువు పడవ రేవులోనే ఆగిపోయేది. మన చదువులు ఊరి చివర గుడిసెలోనే ఆగిపోయేవి.

నీటి అవతల ఏముంది?

తిరుగు ప్రయాణంలో శ్రీహరికోట వైపు చూపించాను. 1971 అక్టోబరు 9న అక్కడి నుండి మొదటి రాకెట్‌ను ప్రయోగించారు. ఆ కేంద్రానికి 2002లో సతీష్ ధవన్ పేరు పెట్టారు. చంద్రుని మీద దిగిన చంద్రయాన్–3 అక్కడి నుండే 2023 జూలై 14న బయలుదేరింది. ఆ కేంద్రం కోసం ఆ దీవిలో ఉంటున్న యానాదులు తదితరులు తమ చోట్లు వదలవలసి వచ్చింది. దేశం గర్వించే పని వెనుక ఎవరు ఏం వదులుకున్నారో కూడా చదువుకున్నవాళ్ళు గుర్తు పెట్టుకోవాలి.

సరస్సు దక్షిణపు కొసన పళవేర్కాడు ఉంది. దాన్నే ఇంగ్లీషువాళ్ళు పులికాట్ అన్నారు. 1613లో డచ్చివాళ్ళు అక్కడ కోట కట్టారు. అక్కడి నుండి మన నేతగాళ్ళ బట్టలు ఓడల్లో పోయాయి. అదే పదిహేడో శతాబ్దంలో కరువుల్లో చిక్కుకున్న పేదలను వేల సంఖ్యలో బానిసలుగా కొని ఓడలెక్కించింది కూడా ఆ రేవు నుండే. ఓడ ఎక్కిన ప్రతివాడూ ఇష్టపడి ఎక్కలేదని చరిత్ర చెబుతోంది.

సముద్రాన్ని చదువు కోసం దాటినవారూ ఉన్నారు. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ 1913లో ఓడలో అమెరికా వెళ్ళి కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. అదే అంబేద్కర్ 1927 మార్చి 20న మహద్‌లో చౌదారు చెరువు నీరు తాగే హక్కు కోసం వేలమందితో నడిచారు. ఆయనకు సముద్రం దాటడం కంటే సొంత దేశంలో ఒక చెరువు మెట్లు దిగడమే కష్టమైంది! ఈ సంగతి పడవలో చెప్పినప్పుడు పిల్లలు నిశ్శబ్దంగా విన్నారు. ఒకడు మాత్రం వంగకుండా, లేవకుండా, కూర్చున్న చోటనే చెయ్యి చాచి దోసిట్లో నీళ్ళు తీసుకుని నోట్లో వేసుకున్నాడు. "ఉప్పగా ఉండాయన్నా!" అన్నాడు. అందరం నవ్వుకున్నాం.

ముగింపు

రాత్రి బస్సులో మొదట ప్రశ్న వేసిన తమ్ముణ్ణి అడిగాను: "ఏరా, వెలుగోడు రిజర్వాయరంత ఉందా?" వాడు కాసేపు ఆలోచించి, "అవతలి గట్టు కనపడలేదన్నా" అన్నాడు. అంతకంటే మంచి జవాబు నేనూ చెప్పలేను.

విహారయాత్రంటే డబ్బు దండగ అనుకునే తల్లిదండ్రులు ఉన్నారు. వారికి ఈ పుస్తకం చూపించండి. భూగోళం, భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, చరిత్ర, ఈ నాలుగు పాఠాలూ ఒక్క రోజులో పడవ మీద చదువుకున్నాం. వచ్చే ఏడాది వెళ్ళేవారు పైన రాసిన ఐదు సంగతులు మరువకండి. క్షేమంగా వెళ్ళి, క్షేమంగా తిరిగి వచ్చి, మీరు చూసింది మీ చెల్లెళ్ళకూ తమ్ముళ్ళకూ చెప్పండి. పడవలో నేర్చుకున్న మరో మాటతో ముగిస్తాను: ఒక్కరు లేచి నిలబడితే పడవ ఊగుతుంది, అందరం చోటు చూసుకొని కూర్చుంటే అవతలి ఒడ్డు చేరుతుంది. హాస్టల్ కూడా అంతే.